బాణీ కింద ఊరి పేరు

కోరుట్ల,
అక్టోబరు 2011

అఫ్సర్ బేటా,

మామూ రాస్తున్నాను. నువ్వు పంపిన కాగితం అందింది. సినిమాలకూ పెద్ద కచేరీలకూ సంగీతం కట్టే ఇంగ్లండు సాబు, దుబాయిలో నీ టాక్సీ ఎక్కి, నీ ఫోనులో నేను కట్టిన తెలంగాణ సమ్మె బాణీ విని స్వరాలు రాసిచ్చాడంటే మా బ్యాండులో ఒక్కరూ నమ్మలేదు. ఆ గీతలూ చుక్కలూ మాకు చదవరావు. అయినా క్లారినెట్ పెట్టెలోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

సినిమాలకు రాస్తాడని కచేరీల వాళ్లు ఆయన్ను చిన్నచూపు చూస్తారట కదా. మాకూ అంతేనని చెప్పు. మొన్న పెండ్లి బరాత్‌లో ఈ బాణీ ఎత్తుకుంటే పెండ్లికొడుకు తండ్రి, "గిది ధర్నా గాదు, సినిమా పాట కొట్టుండ్రి" అని కసిరాడు. తెల్లారి ఆయనే మెట్‌పల్లి రోడ్డు మీద బైఠాయించి, "ఇగ మనది ఎత్తుకో, మాస్టర్!" అన్నాడు. ఎత్తుకున్నాను. ఆగిన లారీల డ్రైవర్లు కూడా దిగి చిందేశారు.

బాణీ కట్టినవారి పేరుకు సాబు తన దగ్గరున్న ప్రతిలో చోటు వదిలాడన్నావు. నా పేరే రాయమను, నాకు మొహమాటం లేదు. దాని కింద కోరుట్ల, తెలంగాణ అని రాయమను. రాష్ట్రం ఇంకా రాలేదు కదా అంటే, ఊరేగింపులో బ్యాండు ఎప్పుడూ ముందే నడుస్తుందని చెప్పు.

నీ మామూ