సూది వేయని చెయ్యి

అమ్మా, నేను కులాసా. కంగారుపడకుండా చదువు. నాకు మూడో నెల. పోయినసారిలా అవుతుందేమోనన్న భయంతో ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు.

ఆసుపత్రిలో మాత్రం ముందే చెప్పాను. స్కానుకి ముందు రేడియేషన్ మందు ఎక్కించే పని తప్పించి, నన్ను కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టారు. నిన్న ఒక ముసలమ్మ వచ్చింది. ఆవిడకి నరం దొరకదు, ఎప్పుడూ నేనే సూది వేసేదాన్ని. ఈసారి వేరే అతను రెండుచోట్ల గుచ్చాడు. ఆవిడ బయటికొచ్చి, "నువ్వు వెయ్యలేదేం, నా మీద కోపమొచ్చిందా?" అని అడిగింది. నిజం చెప్పాను. నా చెయ్యి పట్టుకోబోయినదల్లా గబుక్కున గోడ దాకా వెనక్కి జరిగింది. "నా ఒంట్లో ఆ మందుంది తల్లీ, నువ్వు ఇటు రాకు" అని అక్కణ్నుంచే చెయ్యెత్తి దీవించింది. తర్వాత తెరమీద ఆవిడ స్కాను చూశాను. జబ్బు ఎముకలన్నిటికీ పాకింది. ఆ మాట డాక్టరే చెప్పాలి, నేను చెప్పకూడదు. స్కాను మంచం దిగుతూ, "కడుపు మాడ్చుకోకు" అని నాకే జాగ్రత్తలు చెప్పింది.

ఉద్యోగం మానమని మాత్రం రాయకు. నాన్న దగ్గు తగ్గిందా? నేను కడుపులో ఉన్నప్పుడు వాంతులకి ఏం చేశావో రాయి. అత్తయ్యకి నేనే చెబుతాను. ఈ కార్డు నీకన్నా ముందు పోస్టుమాన్ చదివే ఉంటాడు, అతన్నీ అడిగానని చెప్పు. రేపు దణ్ణం పెట్టుకునేటప్పుడు ముందు ఆవిడ కోసం పెట్టు, తర్వాతే నా కోసం.

నీ పెద్దది