అద్దం గదిలో మొగుడు

నన్ను చంకనేసుకుని తిప్పిన అక్కకి,

నీ మరిదితో ఇక నావల్ల కాదు. వేరే ఊరి ఆసుపత్రికి బదిలీ అడుగుతూ అర్జీ రాసేశాను, సోమవారం ఇచ్చేస్తాను. ఏడాదిగా నేను వాగుతూనే ఉన్నాను. ఆయన బస్సు నడిపి వచ్చి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు. "వింటున్నారా?" అంటే "ఆఁ" అంటాడు. ఏం విన్నారో చెప్పమంటే పేపరు తిరగేస్తాడు. నిన్న ఒళ్ళు మండి, నేను చెవులు పరీక్షించే అద్దం గదిలోనే కూర్చోబెట్టాను. బీప్ వినపడితే వేలెత్తాలి. ఒక్కటీ తప్పలేదక్కా! అంటే చెవులు భేషుగ్గా ఉన్నాయి, అక్కర్లేనిది నేనే. మనల్ని ఎవరూ పట్టించుకోకపోతే, దెబ్బ తగిలినప్పుడు మెదడులో ఎక్కడ కలుక్కుమంటుందో దాదాపు అక్కడే కలుక్కుమంటుందట. మా డాక్టరమ్మ చెబితే అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నీ కోపిష్ఠి చెల్లెలు

*

నా తిట్లన్నీ ఓపిగ్గా చదివే అక్కకి,

అర్జీ చింపేశాను. కోపం మాత్రం చల్లారలేదు, అందులో సగం నామీదే. పరీక్షకు వచ్చినవాళ్ళను నా చెయ్యి కనపడకుండా అటు తిప్పి కూర్చోబెట్టాలి. పన్నెండేళ్ళుగా అందరినీ అలాగే కూర్చోబెట్టాను. మొగుణ్ణి మాత్రం, ముఖం చూస్తూ తిట్టుకోవచ్చని ఎదురుగా కూర్చోబెట్టాను! ఒకసారి మీట మీద ఊరికే చెయ్యి పెట్టాను, శబ్దం పంపలేదు. అప్పుడూ వేలు లేచింది. ఆ సంగతి ఇంటికొచ్చాక వెలిగింది. అద్దంలోంచి నా చెయ్యి చూస్తున్నాడన్నమాట. మర్నాడు అటు తిప్పి మళ్ళీ పరీక్షిస్తే సగానికి వేలే లేవలేదు. చెవి లోపల సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి, పోతే మళ్ళీ మొలవవు. ఇరవయ్యేళ్ళు ఇంజను పక్కన కూర్చుంటే పోవా మరి?

"ఎందుకు దాచారు?" అని చెవి దగ్గర అరిచాను.

"తెలిస్తే స్టీరింగు లాగేసుకుంటారు. నాకు వచ్చిన పని అదొక్కటే."

"నాక్కూడా చెప్పకూడదా?"

"నా చెవుల సంగతి డిపోకి కాగితం రాయాల్సింది నువ్వే కదా" అన్నాడు.

రాశానక్కా. ఉన్నదున్నట్టే రాశాను. ఆ బస్సులో యాభైమంది ఎక్కుతారు. సంతకం పెట్టి ఆయన చేతికే ఇచ్చాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తనే డిపోలో ఇచ్చి వచ్చాడు. వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని, నా పెదాలవైపే చూస్తూ, "ఏడాదిగా ఏమేం అన్నావో మొదట్నుంచీ చెప్పు" అన్నాడు.

ఏడాదిగా అన్నీ తిట్లే కదక్కా. ఎక్కణ్ణించి మొదలుపెట్టను?

నీ చెల్లెలు