ఫ్లెక్సీ మీద నా దండం

అబూ హలీఫా, కువైట్
శుక్రవారం మధ్యాహ్నం

పూజ్యుడైన అన్నయ్యకి, అమ్మ తర్వాత అమ్మలాంటి వదినకి, తమ్ముడు దండాలు పెట్టి రాసుకుంటున్నది. నేనిక్కడ ఒంట్లో కులాసాగానే ఉన్నాను. మీరందరూ బాగున్నారని నీ మరదలు పద్మ చెబుతూనే ఉంది కానీ, నీ నోటితో వినలేదు కాబట్టి అడుగుతున్నాను. నీ షుగరు అదుపులో ఉందా? వదిన మోకాలు ఎలా ఉంది? చిట్టి ఇంకా బడికి వెళ్లనని పేచీ పెడుతోందా?

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తినా ఇవి ఫోన్లో చెప్పే మాటలు కావు. అందుకే సెలవు మీద వస్తున్న సత్యం బాబాయి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మా గదిలో అందరికీ వంట చేసిపెట్టే పెద్దాయన ఈయనే, రాజోలు దగ్గరివాడు. నేను ఉత్తరం రాసి ఏ కాలమైందో, చెయ్యి తిరగడం లేదు. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దకు, నేను నీ సోషల్ క్లాసులో పిల్లవాణ్ణి కాదు.

ఇక్కడ దుమ్ము రోజులు మొదలయ్యాయి. పొద్దున్న కంపెనీ బస్సు దజీజ్ చేరేసరికి కనురెప్పల మీద కూడా ఇసకే. గోడౌన్లో పని మామూలే, కంటైనర్లు వస్తాయి, దించుతాం, సర్దుతాం, మళ్లీ ఎక్కిస్తాం. నా నడుం బాగానే ఉంది, కంగారు పడకండి. బాబాయి లేని ఈ రెండు నెలలూ గదిలో ఎవరు వండుతారో, ఏం తింటామో తలచుకుంటేనే నీరసం వస్తోంది. ఆయన తిరిగొచ్చేటప్పుడు వదిన పెట్టిన మాగాయ కొంచెం పంపండి. ఎక్కువ వద్దు, కొంచెం చాలు.

ఇక అసలు సంగతి. అన్నయ్యా, రథం దగ్గర నువ్వు అడిగినదాంట్లో తప్పు లేదు. ఇది ముందే రాస్తున్నాను, తర్వాత ఎన్ని రాసినా ఈ మాట మర్చిపోవద్దు. దివాణం వారి చెయ్యి పడితేగానీ రథం తాడు ఎవరూ ముట్టుకోకూడదన్న ఆచారం మన తాతల నాటిది. కానీ చినరాజావారు హైదరాబాదు నుంచి కారులో తీరిగ్గా దిగేదాకా ఊరంతా ఎండలో నిలబడాలా? సూరమ్మత్త కళ్లు తిరిగి పడిపోయిందని విన్నప్పుడు నాకూ మండింది. పుట్టుకతో వచ్చిన గౌరవం గౌరవమేనా అని నువ్వు ఫేస్‌బుక్కులో రాస్తే, రాత్రి మంచం మీద పడుకుని రెండుసార్లు చదివి నవ్వుకున్నాను. పదో తరగతి పిల్లలకి ఫ్రెంచి విప్లవం చెప్పి చెప్పి మా అన్నయ్యకి బాగా వంటబట్టిందని అనుకున్నాను.

అంతటితో ఆగితే ఎంత బాగుండేది! రెండో పోస్టులో లోకంలో ఉన్న రాజులందరి ఫోటోలూ వరసగా పెట్టావు. చినరాజావారి పక్కన ఎక్కడో కిరీటం పెట్టుకున్న దొర, ఆయన పక్కన ఇక్కడి అమీరుగారు. అందరి మీదా ఎర్రగా ఇంటూ గుర్తు. కింద నా పేరు తగిలించి, "మా తమ్ముడు ఈ రోజుకీ రాజు కింద బతుకుతున్నాడు, అదెలా ఉంటుందో వాణ్ణే అడగండి" అని రాశావు. నువ్వు గర్వంగానే రాశావు, నాకు తెలుసు. గల్ఫులో ఉన్నవాడి పేరు చెబితే మన ఊళ్లో మాటకి బరువొస్తుంది కదా. మన పిఠాపురం బస్సులో ముఖ్యమంత్రిని తిట్టినట్టు ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టరన్నది నీకు తోచలేదు. నాకు తోచి నీకు ముందే చెప్పి ఉండాల్సింది, నేనూ చెప్పలేదు.

ఆ శుక్రవారం మేం పప్పు వండుకుంటుంటే గదిలో ఒకడి ఫోనుకి అది వచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో అప్పటికే చక్కర్లు కొడుతోంది. ఒకడు లేచి తలుపు మూశాడు. సత్యం బాబాయి గరిటె పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అబ్బాయ్, మీ అన్నయ్యగారు సదూకున్నోరు, నేను కాదన్ను," అన్నాడు. "కానీ ఆ ఫోటోలో ఉన్న అమీరుగోరి మాట మీదే కదా నేను జైలు ముకం సూడకుండా ఇంటికెల్లి, మా ఆడదాన్ని ఆఖరి సూపు సూసుకున్నాను. నాకు ఇక్కడుండటానికి ఇకామా లేదు, కాయితం లేదు, దాక్కుని బతికినోణ్ణి. చెమించాం, ఎల్లండని ఆరు అనకపోతే నేనేవైపోదును? రాజు కొడుకైతేనేటి, ఎవరైతేనేటి, నాకు మేలు సేసేరు."

నిజమే అన్నయ్యా, ఆయన గూట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పేపర్లోంచి కత్తిరించిన ఆ ఫోటో ఉంటుంది. ఎవరూ పెట్టమనలేదు. ఆయనది భయం కాదు.

"మరి నన్నేం చెయ్యమంటావు బాబాయ్?" అన్నాను.

"నాకు కోపం లేదు బాబూ. బయ్యమేస్తంది. నీ కోసవే," అన్నాడు.

నీకు ఫోన్ చేసి ఆ ఒక్క ఫోటో తీసేయమన్నాను. ఎందుకని కూడా అడక్కుండా గంటలో తీసేశావు. ఆ మేలు మర్చిపోను. కానీ అప్పటికే జనం దాన్ని ఫోన్లలో దాచుకున్నారు. ఆదివారం మా మందూబ్ పిలిచాడు. కంపెనీ తరఫున మా ఇఖామా కాగితాల పని చూసేది ఆయనే, ఈజిప్టు మనిషి. ఫోనులో నీ పోస్టు చూపించి, వచ్చీరాని హిందీలో "ఈయన నీ అన్నా?" అని అడిగాడు. కాదందామంటే నీ ముఖం, నా ముఖం ఒకే అచ్చు. అవునన్నాను. "అన్న నోరు అన్నది. నీ నోరు ఏమంటుందో రాయి. రాసి చూపించు. ఆ తర్వాత కఫీల్‌తో మాట్లాడతా," అన్నాడు. నాకు ఇక్కడ పూచీ ఉన్న యజమాని ఆ కఫీలే. ఆయన సంతకం పెట్టకపోతే నా ఇఖామా ఈ నెలాఖరుకి ఖలాస్, అది నీకూ తెలుసు.

గోడౌన్ బయట లారీ నీడలో కూర్చుని రాశాను. "అన్నయ్య చెప్పింది తప్పు. రాజు తండ్రి లాంటివాడు. తరతరాలుగా వస్తున్న గౌరవాన్ని అందరూ నిలబెట్టాలి. నేను చేతులెత్తి దండం పెడుతున్నాను." నీ పోస్టు కిందే పెట్టాను, అందరికీ కనబడేలా. మందూబ్ దాన్ని ఫోనులోనే అరబ్బీలోకి మార్పించుకుని చదివి తల ఊపాడు. నేను ఇక్కడి రాజుగారి గురించి రాశానన్నయ్యా. మన దివాణం నా తలలోనే లేదు, ఒట్టు.

తర్వాత పద్మ ఫోటో పంపింది. రామాలయం ముందు దివాణం వాళ్లు కట్టించిన ఫ్లెక్సీ. ఒక పక్క చినరాజావారు, ఇంకో పక్క నేను, మన చిట్టి అన్నప్రాసన నాడు చేతులు జోడించి నవ్వుతున్న ఫోటో. మధ్యలో నేను రాసిన మాటలే, అక్షరం పొల్లుపోకుండా, అంత లావు అక్షరాల్లో. ఫ్లెక్సీ లేకపోతే మనవాళ్లకి పెళ్లి జరగదు, చావు జరగదు, ఇప్పుడు నా గౌరవం కూడా అది లేకుండా జరగలేదు. రథం సంగతి తేల్చడానికి పెట్టిన ఊరి సమావేశంలో నువ్వు లేచి మాట్లాడబోతే, "ముందు మీ తమ్ముడి మాటకి జవాబు చెప్పండి మాస్టారూ" అని అందరూ నవ్వారటగా. నువ్వు కండువా సర్దుకుని ఇంటికి వచ్చేశావని పద్మ చెప్పింది. వచ్చే ఏడు కూడా తాడు చినరాజావారే పట్టాలని తీర్మానం అయిపోయిందట.

ఆ రోజు నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు.

అది బలవంతాన రాసిన మాట అని ఊళ్లో ఎవరికైనా చెప్పమని పద్మతో అందామనుకున్నాను. చెబితే సాయంత్రానికి అది ఇక్కడికి చేరుతుంది. పోనీ కామెంటు తీసేద్దామంటే మందూబ్ ఊరుకోడు. ఇక్కడ నోరు మూస్తే అక్కడ నీ పరువు పోతోంది, అక్కడ నోరు తెరిస్తే ఇక్కడ నా కూడు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గోడౌన్లో కార్టన్లు మోస్తూ ఇదే ఆలోచిస్తాను, దారి దొరకదు. ఒకసారి మాట్లాడినప్పుడు అడిగావే, నీకు ఇక్కడి రాజుగారి మీద ఉన్నది గౌరవమా, భయమా అని. ఏమో అన్నయ్యా. సత్యం బాబాయిది గౌరవమే, కళ్లారా చూశాను. నాకు ఉందో లేదో తెలుసుకునే వీలే రాలేదు. అడిగినప్పుడు చూపించి తీరాల్సినదాన్ని ఏమంటారో నీ పుస్తకాల్లో ఉంటే నువ్వే చెప్పు.

మొన్న మళ్లీ ఒక మాట పుట్టింది. అన్నదమ్ములిద్దరూ ఒకటే, కామెంటు ఉత్త నాటకమని ఎవడో గ్రూపులో రాశాడు. మందూబ్ నా కాగితం ఇంకా కఫీల్ ముందు పెట్టలేదు. అడిగితే బుక్రా, రేపు, అంటాడు. బాబాయి మాత్రం, "మీ అన్నయ్యగారు నిన్ను నలుగుర్లో ఓ మాటంటే నమ్ముతారేమో అబ్బాయ్," అన్నాడు. ఎన్నిసార్లు ఆలోచించినా నాకూ అదొక్కటే కనబడుతోంది.

కాబట్టి అన్నయ్యా, మామూలుగా ఆశీర్వదించమని రాయాల్సిన చోట ఇది రాస్తున్నాను. నన్ను తిట్టు. ఫేస్‌బుక్కులో, నా పేరు పెట్టి, ఊరంతా చూసేలా. బానిస అను, కూటి కోసం తల వంచినవాడు అను, వీడు నా తమ్ముడే కాదు అను. రాజుల మాట మాత్రం ఎత్తకు, నన్నొక్కణ్ణే తిట్టు. దాంతో ఇక్కడ నన్ను నమ్ముతారు, అక్కడ సొంత తమ్ముణ్ణి కూడా వదల్లేదని నీ మాటకి మళ్లీ విలువ వస్తుంది. పద్మకి ముందే చెప్పు, లేకపోతే ఏడుస్తుంది. వదిన అడ్డుపడుతుంది, వినకు. నీకు మనసొప్పదని తెలుసు. కానీ నాకు నువ్వు చెయ్యగలిగింది ఇదొక్కటే, నిన్ను నేను అడగగలిగిందీ ఇదొక్కటే.

బాబాయికి భోజనం పెట్టి పంపండి. ఆయన దగ్గర రాజుల ప్రసక్తి తేవద్దు, ఆయన మనసు నొప్పించకు. సూరమ్మత్తకి, పెద్దవాళ్లందరికీ నా నమస్కారాలు, చిట్టికి ముద్దులు. చదివాక దీన్ని పొయ్యిలో వెయ్యి.

తిట్టిన రోజు సాయంత్రం ఫోన్ చేస్తాను. ఒక్కసారి ఎత్తు అన్నయ్యా. ఏమీ మాట్లాడక్కర్లేదు.

ఇట్లు,
ఎప్పటికీ నీ
తమ్ముడు