దీపం లేదని రాసిన ఊరు

తాలూకా తహశీల్దారు గారి సముఖమునకు,
నార్సింగికి పడమర ఎర్రబండ గూడెం కాపురస్తుడు పెంటయ్య సమర్పించుకొను అర్జీ.
తేది: 10-9-1975

విషయం: నల్లగుట్ట జలాశయం తలుపులు ఎత్తే ముందు మా గూడెంలో దండోరా వేయించుట గురించి.

అయ్యా,

ఈ నెల 4వ తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు నా భార్య బుచ్చమ్మ వాగు దాటుతూ కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. ఆ రోజు వాన లేదు. ఎగువన జలాశయం తలుపులు ఎత్తారు. నార్సింగిలో ముందురోజే దండోరా వేశారు. మా గూడెంలో వేయలేదు.

1. మరునాడు జలాశయం ఆఫీసులో కారణం అడిగాను. ఇంజనీరు రామబ్రహ్మం గారు గోడకున్న పటం చూపించారు. నిజాం కాలంలో గుట్టలు, వాగులు, చెరువులు కొలిచి గీసినది. ఏ గుట్ట నీళ్లు ఏ జలాశయంలోకి దిగేదీ అందులో ఉంది. మా గూడెం దగ్గర 'బేచిరాగ్' అని ఉంది. అనగా దీపం పెట్టే మనిషి లేని ఊరు.

"దండోరా ఈ పటం చూసే పంపుతామండి. ఎవరూ లేని ఊళ్లో ఎవరికి చాటించమంటారు?" అన్నారు.

బుచ్చమ్మ తల్లి సత్తెమ్మ నా వెంటే ఉంది. "ఎవ్వరు లేకుంటే, సారూ, నీ ముంగట ఏడుస్తున్న నేనెవర్ని?" అన్నది.

ఆయన ఆమెకు మంచినీళ్లు తెప్పించారు.

2. పటంలో ఆ మాట ఎలా పడిందో మా గూడెం పెద్ద రాజయ్యకు తెలుసు. గత్తర, అనగా కలరా, వస్తే పొయ్యిలు ఆర్పి ఊరంతా పొలిమేర దాటడం, అమ్మవారు శాంతించేదాకా బయటివారితో మాట్లాడకపోవడం మా ఆచారం. ఈ పటం గీసే కొలతలవారు అలా ఊరు ఖాళీ చేసిన రోజుల్లోనే వచ్చారు. "ఇంటింటికి తిరిగి చూసిన్రు బిడ్డా. పిలుస్తే అమ్మ కోపం జేస్తదని చెట్ల సాటున గూసున్నం" అన్నాడు.

3. పటం దిద్దమంటే ఇంజనీరు గారు, గూడెంలో మనుషులున్నట్టు తమరి ధ్రువపత్రం తెమ్మన్నారు. తమరి కచేరీ గుమాస్తా గారు, ముందు గూడెం ఉన్న పటం తెమ్మన్నారు.

కావున తమరు మా గూడెం వచ్చి, మండుతున్న పొయ్యిలు చూసి, ధ్రువపత్రం ఇప్పించ ప్రార్థన. పటం దిద్దడం ఆలస్యమైనా సరే, దండోరాకు మాత్రం ఈ రోజే హుకుం ఇవ్వవలెనని మా మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెంటయ్య

మరొక మనవి: నార్సింగిలో ఇందాక మళ్లీ దండోరా విన్నాను. గూడెంలో అందరికీ చెప్పాను. సత్తెమ్మ వినడం లేదు. బిడ్డ దొరికేదాకా వాగులోంచి రానని ఇసుక తవ్వుతోంది. సారూ, ఒక్క పూట ఆపించండి, మేమూ తవ్వుతాం. తలుపులు రేపు ఉదయం ఆరు గంటలకు ఎత్తుతారు.