చింతపండుతో తోమిన ఉల్క

1962 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

పడవకు లంగరుగా కట్టుకునే తుప్పురాయిని జాలరి పోలయ్య పోయిన వారం విప్పి నా చేతిలో పెట్టినాడు. "మా నాయన కట్టిన రాయి సార్, చూసుకుని ఇచ్చేయండి" అన్నాడు. ఉల్కేమోనని నా ఆశ. తడి తగలకుండా గుడ్డ చుట్టి దాచుకున్నాను.

ఈ పొద్దు బజారు నుంచి వచ్చేసరికి, పెరట్లో ఇత్తడి బిందెల పక్కన కూర్చుని అమ్మ దాన్ని చింతపండుతో తోముతా ఉంది. గట్టిగా అరిచేసినాను. అమ్మ దాన్ని నీళ్లతో కడిగి, తుడిచి, ఎండకు ఎత్తి పట్టింది. పలచని అంచులో, వెండిలా మెరిసే ఇనుము మధ్య, లేత నిమ్మకాయ రంగు గింజలు వెలిగినాయి.

"ఇందులో దీపాలు పెట్టిందెవరురా?" అనింది. నా కోపం ఎటు పోయిందో.

ఇనుములో అట్లా గింజలుండేది ఉల్కలోనే. ఇప్పుడది నా దిండు పక్కనే ఉంది. ఎన్ని చుక్కల మధ్య తిరిగొచ్చిందో, ఇన్నాళ్లూ మన సముద్రం అడుగున ఒక చేపల పడవను పట్టుకుని కూర్చుంది. రేపు పోలయ్య వస్తాడు. ఉత్త ఇనుపరాయేనని చెప్పి, కొత్త లంగరు కొనిచ్చి, దీన్ని ఉంచేసుకుందామని...

ఇందాక పడుకోబోతూ అమ్మ అనింది: "రేపు పోలయ్య చూసి మురిసిపోతాడురా. ఆయన కోసమే కదా అంతసేపు తోమినా."