నలభై ఒకటో నాచు

మార్చి 2

బాత్‌టబ్ నిండా సముద్రపు నాచు. మా ఆయన మూడు రోజులుగా పక్కింట్లో స్నానం చేస్తున్నాడు. చెయ్యనీ.

ఎందుకొప్పుకున్నానో ఈ పని! మా ఆడపడుచు అడిగింది, కాదనలేకపోయాను. వదినది నాచు మీద రీసెర్చ్. సముద్రం పోటెత్తినప్పుడు లాగుడు వలల బోట్లు రాళ్ళ దాకా వచ్చి నాచంతా ఊడ్చుకుపోతున్నాయి. వాటిని ఆపాలా వద్దా అన్నది హార్బర్ కమిటీ ఇరవై రెండున తేలుస్తుంది. ఆ రోజు ఎగ్జిబిషన్ పెట్టి వాళ్ళకి నాచు అందం కళ్ళారా చూపించాలట. కాగితం మీద పరిచి, బరువు పెట్టి ఆరబెట్టి, పన్నెండు పెద్ద బొమ్మలు. అన్నీ నేనే చెయ్యాలి. పైగా అలలు ఒడ్డుకు తోసిందే ఏరుకోవాలి, రాతి మీదున్నదాన్ని ముట్టుకోకూడదని షరతు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

మార్చి 5

కొట్టుకొచ్చేవన్నీ పీలికలే. వీటితో అందమట, నా మొహం!

మార్చి 9

పదకొండు బొమ్మలు అయ్యాయి. రోజుకు రెండుసార్లు బ్లాటింగ్ పేపర్లు మార్చి మార్చి నడుం పడిపోయింది. వదిన వచ్చి ఇది వంకరంది, అక్కడ పేరు తప్పంది. బాగున్నాయని ఒక్క ముక్క అంటే ఆవిడ సొమ్మేం పోయింది? ఇక మిగిలింది హాలు గుమ్మానికెదురుగా పెట్టాల్సిన మనిషెత్తు బొమ్మ. ముక్కలు అతికించి మొదలుపెట్టాను.

మార్చి 13

బూజు! నేను రెండు రోజులు ఎగ్జిబిషన్ హాలు సర్దడానికి పోతే, ఈయన పక్కింటికి వాసనొస్తోందని కిటికీలన్నీ బిగించేశాడు. పెద్ద బొమ్మంతా బొచ్చు పట్టింది. అడిగితే, బూజు కూడా ప్రకృతే కదా అంటాడు. ఈ మనిషితో నేను వేగలేను.

మార్చి 15, ఉదయం 6

నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. రాళ్ళ దగ్గర, మోకాళ్ళ లోతులో ఒకటి కనిపించింది. నా అంత పొడుగు, ఎక్కడా చిరుగు లేదు. చుట్టూ ఎవరూ లేరు. రెండు చేతులా పట్టుకుని పీకాను. రాయిని పట్టుకున్న మొదలుతో సహా ఊడొచ్చింది.

ఒక్కటే కదా.

ఉదయం 10

జిగురు కడుగుతుంటే మొదలు దగ్గర చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. 41 అని ఉంది. వదిన ఆరేళ్ళుగా నెలనెలా టేపు పట్టి కొలుస్తున్నవాటిలో ఒకటి.

బిళ్ళ తీసి కుట్టుపెట్టెలో దాచాను. దొంగబుద్ధి కాకపోతే ఏమిటిది?

మార్చి 19

బొమ్మ అదిరింది. అదీ నా ఖర్మ.

వదిన వచ్చింది. బొమ్మ వంక చూడనైనా లేదు. నలభై ఒకటి పోయిందని కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఆవిడ ఏడవగా ఇంతవరకూ చూడలేదు. ఈ వారం అటు తిరిగిన బోటు ఒక్కటేనట, ఆ బోటాయన పేరు కమిటీ ముందు చెప్పేస్తానంది. లైసెన్స్ రద్దు చేయించేదాకా ఊరుకోనంది. నేను టీ పెడతానని వంటింట్లోకి పారిపోయాను.

మార్చి 21

నోరు మూసుకుంటే గెలుస్తాం. ఎలాగూ వాళ్ళు బోలెడు నాచు నాశనం చేశారు, ఇంకొకటి వాళ్ళ నెత్తిన రుద్దితే తప్పేమిటని పొద్దున్నుంచి నాకు నేనే లాయర్నయ్యాను. కానీ ఆ బోటాయన ఈ పని చెయ్యలేదు. నేను చేశాను.

మధ్యాహ్నం బిళ్ళ పట్టుకుని వదిన ఇంటికెళ్ళాను. తిట్టిపోస్తుందనుకున్నాను. రాతి మీద మొదలేమైనా మిగిలిందా అని మాత్రం అడిగింది. లేదన్నాను. సరే వెళ్ళమంది. నాలుగు తిట్టినా బాగుండేది!

మార్చి 22

వదిన దాచలేదు. నలభై ఒకటి మావాళ్ళే పీకారని కమిటీకి తనే చెప్పింది. అయితే మిగిలినవి కూడా మీ పనే కాదని నమ్మకమేమిటని ఛైర్మన్ అడిగాడు. ఆరు నెలలు వాయిదా. అన్నాళ్ళూ బోట్లు తిరుగుతూనే ఉంటాయి. అంతా నా వల్లే.

జనం మాత్రం మనిషెత్తు బొమ్మ ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. చించి పోగులు పెట్టాలనిపించింది. వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. బయటికొచ్చాక టేపు నా చేతిలో పెట్టి, తన మోకాళ్ళు ఇక వంగవని, ఇకమీదట కొలతలు నన్నే రాయమని చెప్పింది.

ఏప్రిల్ 14, ఉదయం 5.40

39: నూట నాలుగు సెంటీమీటర్లు.
40: తొంభై ఎనిమిది.
41: ఉత్త రాయి.
42: లేదు. రాతికి వల పోగులు చిక్కుకుని ఉన్నాయి. ఈసారి నేను కాదు.