పదిహేను సెకన్లు

కొండాపూర్,
9-5-1999, ఆదివారం.

అక్కయ్యకు నాగమణి నమస్కారాలు.

ఇక్కడ ఇద్దరం కులాసా. ఒంటి మటుకు కులాసాయే, మిగతాది కింద రాస్తాను. మీ మరిదికి దగ్గు తగ్గింది. మా ఎదురుగా కొత్త మేడల కోసం బండలు పేలుస్తున్నారు. మధ్యాహ్నం విజిల్ వినపడగానే వంటింట్లోకి పరిగెత్తి అలమరలో గిన్నెలు పట్టుకుని నిలబడుతున్నాను. మీ అత్తగారు మళ్ళీ రెండు పూటలా అన్నం తింటున్నారని రాశావు, మనసు కుదుటపడింది. ఎండలో ఆవిణ్ణి గుడికి పోనివ్వకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. చదువుకి వచ్చేటప్పుడు మీ రసజ్ఞ పరుపు మోసుకురానక్కర్లేదు, ఇక్కడ మంచమూ పరుపూ ఖాళీగానే ఉన్నాయి. ఈ వీధిలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే. అయినా పిల్ల ఫిజిక్సే చదువుతానంటే మాన్పించకు. బావ కళ్ళజోడు మా బీరువాలో ఉంది. మా ఆస్పత్రిలో కిరణాలు పెట్టేటప్పుడు ఆయన మొహానికి వేసిన ప్లాస్టర్ ముసుగు పారేశారా అని అడిగావు. మామూలుగా పగలగొట్టేస్తారు. నేను అడిగి తెచ్చుకున్నాను. మెడ దగ్గర నేను గీసిన ఎర్రగీత ఇంకా చెరగలేదు.

మొదటిరోజు ఆ ముసుగు చేతిలో పట్టుకుని, ఆ బొంగురు గొంతుతోనే, "మరదలా, ఇరవయ్యేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్నాను, నా మొహం ఎవడూ చూళ్ళేదు. ఇక చూద్దామన్నా కుదరదే!" అన్నారు. డిసెంబరులో గొంతు విచ్చుకున్నాక మా వరండాలో నిలబడి, "ప్రయాణికులకు గమనిక, రాజమండ్రి మీదుగా ఏలూరు వెళ్ళు బస్సు" అని ఎత్తుకుంటే మేడమీది కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. నువ్వు తలుపు చాటున నిలబడి నవ్వావు. ఫిబ్రవరికల్లా గొంతులో గడ్డ మళ్ళీ వచ్చింది. మార్చిలో ఆయనే లేరు.

నీ ఉత్తరం చివర రాశావు చూడు: "నువ్వే దగ్గరుండి లెక్క కట్టావు, అంతకంటే ఎవరు చేస్తారు? ఆయన రాత. పిల్లని కూడా నీ చేతుల్లోనే పెడుతున్నాను" అని. వారం రోజులుగా ఆ మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను. ఇక చెప్పాలి.

అక్కయ్యా, ఆ లెక్క నేను తప్పు కట్టాను.

కిరణం కూడా దీపం వెలుగులాంటిదే. మనిషిని దగ్గరికి జరిపితే బలం ఎక్కువవుతుంది, కాబట్టి టైము కొంచెం తగ్గించాలి. ఒక్కసారే తగ్గించాలి. ఏడాదిపాటు కూర్చుని నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం రెండుచోట్ల రెండుసార్లు తగ్గించింది. ఒక ముక్క వేసవిలో రాశాను, ఇంకో ముక్క దసరా ముందు. రెండోది రాసేటప్పుడు మొదటిది గుర్తులేదు. బావకు రోజుకు రెండు నిమిషాల పైన పడాల్సిన కిరణం పదిహేను సెకన్లు తక్కువ పడింది. ముప్పైమూడు రోజులూ.

ఆ ప్రోగ్రాం ఇంకా పరీక్షలో ఉంది, ఇప్పుడే వద్దన్నారు మా ప్రొఫెసర్ గారు. మా బావకి ముందు వాడనివ్వండని పట్టుబట్టింది నేనే. మంచిది ఏదైనా ముందు మనవాళ్ళకే అందాలనుకున్నాను.

మా దగ్గర ఒకరు కట్టిన లెక్కను ఇంకొకరు చేత్తో కట్టి చూసి సంతకం పెట్టాలి. మెషీన్ నడిపే లింగమూర్తిగారు నీకు తెలుసు, బోరబండ నుంచి వస్తారు, బావకు రోజూ బీడీ మానమని చెప్పిన మనిషి. ఆయన తన పాత పట్టిక చూసి కట్టి, "అమ్మా, నా లెక్కకు మీది తక్కువొస్తున్నది. జర మల్లొకపారి చూడున్రి" అన్నారు.

"మీ పట్టిక పాతదండీ. ఈయన మా బావ. ఈ లెక్కలో నేను పొరపడతానా?" అన్నాను.

"సరే తియ్యమ్మా. ఇంటి మనిషికి మీకంటె ఎవరు మంచిగ జూస్తరు" అని సంతకం పెట్టేశారు. ఇంకెవరి లెక్కలోనైనా ఆ తేడా వస్తే మళ్ళీ కట్టేదాన్ని.

పోయిన నెల, మిగతా రోగులకు వాడేముందు, ఆ ప్రోగ్రాం చెప్పిన టైముకు కిరణం ఎంత పడుతుందో నీళ్ళ తొట్టెలో కొలిచి చూశాను. నూటికి పన్నెండు పాళ్ళు తక్కువ వచ్చింది. పరికరం పాడైందేమో అని ఇంకోటి తెచ్చి కొలిచాను. మూడోసారి కొలుస్తుంటే లింగమూర్తిగారు వచ్చి తన నోటుబుక్కులో బావ పేజీ తెరిచి పెట్టారు. ఆ రోజు ఆయన కట్టిన అంకె అక్కడే ఉంది. అదే సరైనది.

"మనిషి పోయిండు గదమ్మా. ఇగ అక్కకు జెప్పి ఆమెను పరేషాన్ జేసుడెందుకు? మీకు నాకు తప్ప ఎవరికెర్క?" అన్నారు. నా మీద జాలితోనే అన్నారు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు వేళ్ళాడాను కూడా. మూడో రోజు ప్రొఫెసర్ గారికి, డాక్టరుగారికి రాసిచ్చాను. ప్రోగ్రాం ఆపేశాను. అది ఇంకెవరికీ వాడలేదు, ఒక్క బావకే.

సరిగ్గా పడినా ఆ గడ్డ తిరగబెట్టి ఉండొచ్చు అన్నారు డాక్టరుగారు. ఉండొచ్చు. తిరగబెట్టకపోయి ఉండొచ్చు కూడా. అది కట్టే లెక్క నాకు రాదు, ఎవరికీ రాదు. తక్కువపడిన సెకన్లన్నీ కలిపితే మాత్రం ఎనిమిది నిమిషాల పదిహేను సెకన్లు. బస్సు అంత ఆలస్యమైతే బావ మైకులో చెప్పేవారు కూడా కాదు.

ఆయన రాత అనుకుని నువ్వు ఓర్చుకుంటున్నావు. ఆ ఓర్పు కూడా నీ దగ్గర లాగేసుకుంటున్నానని భయపడి ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది నీకోసమా, నా గుండె బరువు దించుకోవడానికా అంటే అదీ సరిగ్గా చెప్పలేను. కానీ ఇది తెలియకుండా నువ్వు పిల్లని నా చేతుల్లో పెట్టకూడదు. రసజ్ఞకు చదివి వినిపిస్తావో, చించేస్తావో నీ ఇష్టం.

పదహారో తేదీకి టికెట్ తీశానని రాశావు. పదిహేడు పొద్దున గౌతమి వచ్చే వేళకు సికింద్రాబాద్ స్టేషన్లో ఉంటాను. పిల్ల దిగుతుందని కాదు. దిగకపోయినా, రైలు పెట్టెలన్నీ ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడతాను.

ఇట్లు,
నువ్వు జవాబు రాయకపోయినా నీ చెల్లెలే,
నాగమణి